రెండు ట్యూబ్ గిటార్ యాంపుల టోన్ పోల్చడం: అపోహలు - వాస్తవాలు

"అన్నా, దీంట్లో జీవం లేదు, ట్యూబులు మార్చేద్దామా?" నా రిపేరు బెంచీ మీదికి గిటార్ యాంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది) ఎక్కకముందే ఈ ప్రశ్న వచ్చేస్తుంది. దేనితో పోలిస్తే జీవం లేదని అడిగితే, ఫ్రెండ్ యాంప్‌తో అంటారు, లేదంటే ఏదో వీడియోలో విన్నదానితో. వెనక ప్యానెల్ విప్పి చూస్తే ఓల్టేజీలు సరిగ్గానే ఉంటాయి, బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు సెట్టింగు) కూడా కుదురుగానే ఉంటుంది. పోల్చిన తీరులోనే ఉంది తిరకాసంతా. ఈలోగా పాత స్టాకు ట్యూబులకి ఆర్డర్ వెళ్ళిపోతుంది, మంచి యాంప్ సగం ధరకి అమ్ముడుపోతుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: రెండిట్లోనూ వాల్యూమ్ 4 మీద, టోన్ నాబులు మధ్యలో పెట్టి వాయిస్తే ఏది మంచిదో తెలిసిపోతుంది.

తెలిసేదల్లా ఏది ఎక్కువ మోగుతోందనే. నాబ్ చుట్టూ రాసిన అంకెలు ఏ కొలతా కాదు. ఒక యాంప్‌లో పాట్ (నాబ్ వెనకుండే రెసిస్టర్) 3 దాటేసరికే ఊపందుకుంటుంది, ఇంకోదాంట్లో 6 దాకా మెల్లగా ఎక్కుతుంది. ఇక ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉంటే మన చెవి దాన్ని "సౌండ్ ఎక్కువ" అనుకోదు. "నిండుగా ఉంది", "విడివిడిగా వినిపిస్తోంది", "జీవం ఉంది" అనుకుంటుంది. సౌండ్ తగ్గేకొద్దీ చెవికి ముందు బేస్ పలచబడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి కాస్త తక్కువగా మోగే యాంప్ పరీక్షకు ముందే ఓడిపోయినట్టు.

టోన్ నాబులదీ అదే కథ. ఫెండర్ బ్లాక్‌ఫేస్ (1960ల నల్ల ప్యానెల్) రకం యాంప్‌లో అన్నీ 5 మీద పెడితే మిడ్స్, అంటే బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య ఉండేవి, బాగా కిందికి పడిపోతాయి. ఫ్లాట్‌కి, అంటే ఏదీ ఎక్కువ తక్కువ కాకుండా, దగ్గరగా రావాలంటే బేస్, ట్రెబుల్ 2 దగ్గర పెట్టి మిడ్ 10కి తిప్పాలి. ఆ రకంలోదే అయిన డీలక్స్ రివర్బ్‌కైతే మిడ్ నాబే లేదు. పైగా దాని వైబ్రాటో ఛానెల్ వాల్యూమ్ మీద 47 పికోఫారడ్ బ్రైట్ కెపాసిటర్ (ట్రెబుల్‌ని పెంచేది) ఒకటి శాశ్వతంగా కూర్చుని ఉంటుంది. తక్కువ వాల్యూమ్‌లో ట్రెబుల్ గుచ్చుకుంటుంది, పెంచేకొద్దీ సర్దుకుంటుంది. రాత్రిపూట ఇంట్లో 2 మీద విని "చెవులు కోసేస్తోంది" అని తీర్పు చెప్పేస్తే ఎలా?

వీటన్నిటికంటే పెద్దది స్పీకర్. సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కి ఎంత మోగుతుందనే లెక్క, 100 డెసిబెల్స్, అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్‌ది 98. ఆ రెండు డెసిబెల్స్ యాంప్ నుంచే రావాలంటే 20 వాట్లు 32 వాట్లవ్వాలి. ఒక యాంప్‌కి వెనక తెరిచిన కాంబో క్యాబినెట్ (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో), ఇంకోదానికి మూసిన 4×12 (నాలుగు 12 అంగుళాల స్పీకర్ల క్యాబ్) ఉంటే, మీరు పోలుస్తున్నది చెక్క పెట్టెల్ని.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు, చరిత్రే ఉంది. 1958లో వచ్చిన ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ సర్క్యూట్‌నే దాదాపు మక్కీకి మక్కీ తీసుకుని 1960ల మొదట్లో లండన్ హాన్‌వెల్‌లోని జిమ్ మార్షల్ షాపులో జేటీఎం45 అనే తొలి మార్షల్ యాంప్ చేశారు. అయినా రెండూ ఒకలా పలకవని అందరికీ తెలుసు. ఎందుకు? బాస్‌మన్‌లో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు, వెనక తెరిచిన పెట్టె. మార్షల్ వైపు 12 అంగుళాల సెలెస్టియన్లు, మూసిన పెట్టె. సర్క్యూట్‌లో కూడా తేడాలున్నాయి. ఫెండర్‌లో మొదటి ట్యూబ్ 12ఏవై7, మార్షల్‌లో ఈసీసీ83, అంటే మన 12ఏఎక్స్7. మొదటిదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎంత పెంచగలదనే అంకె) 44 దగ్గర, రెండోదానిది 100. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపడం) తీసుకునే చోటు వేరు. ఇవి కూడా వినిపిస్తాయి. కానీ రెంటినీ ఒకే క్యాబ్‌కి కలిపి వింటే, "అమెరికన్", "బ్రిటిష్" అని మనం పేరు పెట్టుకున్న తేడాలో ఎక్కువ భాగం స్పీకర్లతోపాటే వెళ్ళిపోతుంది.

న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చిన ఒక కుర్రాడు డీలక్స్ రివర్బ్ వెంట తెచ్చుకున్నాడు. రూమ్మేట్‌ది ఈఎల్34 పవర్ ట్యూబులున్న 20 వాట్ల హెడ్ (స్పీకర్ లేని యాంప్), మూసిన 2×12 మీద. దాని ముందు తనది తేలిపోతోందని బాధ. అమ్మకానికి బేరం కుదిరిపోయింది, మనసొప్పక ఆఖరుసారి చూపించడానికి తెచ్చాడు. పాపం, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంట్లో ఎలా పెట్టావని అడిగా. రూమ్మేట్ క్యాబ్ బల్ల మీద, తనది కింద కార్పెట్ మీద. ట్రెబుల్ స్పీకర్‌కి ఎదురుగా సూటిగా పోతుంది. అతను నిలబడి వాయిస్తాడు, ట్రెబులంతా మోకాళ్ళకి తగులుతోంది. రెండు యాంపుల్నీ నా 8 ఓమ్స్ క్యాబ్‌కే మార్చి మార్చి కలిపి, అతను వాయించినదే లూపర్‌లో (రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ వినిపించే పెడల్‌లో) పట్టి, మీటర్ పెట్టి సమానం చేసి, గోడవైపు తిరిగి వినమన్నా. "ఇదే అన్నా, రూమ్మేట్‌ది" అని మెచ్చుకుంది ఎక్కువగా తన దాన్నే. బేరం రద్దయింది. చివరికి ఖర్చయింది యాంప్‌ని వెనక్కి వాల్చిపెట్టే స్టాండుకి.

మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. మీరు వాయించినదాన్ని లూపర్‌లో పెట్టండి, లేకపోతే రెండోసారి చెయ్యి వేరేగా పడుతుంది. క్యాబ్ ఒకటే ఉండాలి, కదలకూడదు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చాలు, మన పనికి అంకె నిజమా కాదా అక్కర్లేదు, రెండిటికీ ఒకే అంకె వస్తే సరి. సి-వెయిటింగ్ (బేస్‌ని కూడా లెక్కలోకి తీసుకునే సెట్టింగు) ఉంటే అది పెట్టండి. చెవి ఎత్తులో, మీరు కూర్చునే చోటే ఫోన్ ఉంచండి. తర్వాత ఇంకొంచెం పెంచి మళ్ళీ సమానం చేసి వినండి, ఎందుకంటే పవర్ ట్యూబులు (స్పీకర్‌ని నడిపేవి) అసలు రంగు చూపించేది అక్కడే. స్పీకర్ వైరు మార్చేముందు యాంప్ ఆఫ్ చేయండి, ఓమ్స్ సరిపోయాయో లేదో చూడండి. స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అది నిజంగా ఖరీదైన రిపేరు.

మిగతా అపోహలు గబగబా. "ఈఎల్34 అంటే మార్షల్, 6ఎల్6 అంటే ఫెండర్" అట. మొదటి జేటీఎం45ల్లో ఉన్నవి 5881లు, అవి 6ఎల్6 కుటుంబమే. "100 వాట్లది 50 వాట్లదానికి రెట్టింపు మోగుతుంది" - 3 డెసిబెల్స్ తేడా, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పవర్ దాదాపు పదింతలు కావాలి. "చేతి వైరింగ్ అయితే టోన్ వేరు" - నాకు రిపేరు సులువు, అందుకు నేను దణ్ణం పెడతాను, టోన్ సంగతి మాత్రం విలువలూ భాగాలూ చూసుకుంటాయి. "ఏటా ట్యూబులన్నీ మార్చాలి" - ప్రీయాంప్ ట్యూబులు (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్నవి) మొరాయించనంత కాలం వాటి జోలికి పోకండి.

అమెరికా నుంచి 120 ఓల్టుల యాంప్ తెచ్చుకున్నవాళ్ళకి ఒక మాట. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే ఓల్టేజీ కుంగిపోతుంది, దాన్ని కూడా "టోన్ పోయింది" అనే చెప్పుకుంటూ వస్తారు. యాంప్ వెనక రాసిన వాట్లకి (లాగే కరెంటువి, సౌండ్‌వి కాదు) కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొనండి, ఎర్త్ ఉన్నదే కొనండి. రెండు యాంపులు ఒకేసారి కలిపితే హమ్ వస్తోందని ఎర్త్ పిన్ తీసేస్తుంటారు కొందరు, అది ప్రాణాలకే ముప్పు. ఆ హమ్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న ఏబీవై పెడల్‌తో (ఒక గిటార్‌ని రెండు యాంపులకి పంపేది) ఆపండి. పిన్ పీకేసిన యాంప్ నా దగ్గరకొస్తే ముందు పిన్ వేసి, ఆ తర్వాతే స్విచ్ వేస్తాను.