హోస్టింగ్ తీసుకునే ముందు: పిల్లలకు ఉత్తరం

కర్నూలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కొండారెడ్డి బురుజు మొదలుకొని హంద్రీ ఒడ్డు దాకా మీరు సెలవుల్లో తిరిగి తీసిన ఫొటోలను, పెద్దవాళ్లను అడిగి రాసుకొచ్చిన సంగతులను ఒక వెబ్‌సైట్‌గా పెట్టాలనుకుంటున్నామని, ఏ కంపెనీ హోస్టింగ్ నమ్మకమైనదో చెప్పమని అడిగారు. కంపెనీలు చేతులు మారుతుంటాయి, ధరలూ మారుతుంటాయి. అందుకని ఒక పేరు చెప్పి ఊరుకోకుండా, ఏ కంపెనీనైనా మీరే పరీక్షించుకునే పద్ధతి రాస్తున్నాను.

వెబ్‌సైట్ అంటే కొన్ని ఫైళ్లు. రాత్రింబవళ్లు కరెంటు, ఇంటర్నెట్ ఆగని ఒక కంప్యూటర్‌లో అవి ఉండి, ఎవరు అడిగితే వాళ్లకు అందాలి. ఆ కంప్యూటరే సర్వర్. అందులో చోటు అద్దెకిచ్చేవాళ్లే హోస్టింగ్ కంపెనీలు. వెబ్ పుట్టిన సెర్న్ సంస్థలో, దాన్ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ వాడిన మొదటి సర్వర్ మీద, ఇది సర్వర్, దీన్ని ఆపవద్దు అని చేత్తో రాసిన చీటీ అంటించి ఉండేది. ఈనాటికీ మీరు డబ్బు కట్టేది ప్రధానంగా ఆ చీటీలోని మాట నిలబెట్టడానికే.

ఆ మాటను కంపెనీలు శాతాల్లో చెబుతాయి. సైట్ అందుబాటులో ఉండే కాలాన్ని అప్‌టైమ్ అంటారు. 99.9 శాతం అప్‌టైమ్ అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు సైట్ అందకపోయినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. మీ సైట్‌కు అది చాలు. చూసేవాళ్లలో ఎక్కువమంది మన ప్రాంతంవాళ్లే కాబట్టి సర్వర్ ముంబయిలోనో హైదరాబాదులోనో ఉంటే పేజీలు త్వరగా తెరుచుకుంటాయి.

ధర దగ్గర మాత్రం తొందరపడవద్దు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే నెలసరి ధర చాలాసార్లు మూడు నాలుగేళ్ల డబ్బు ఒకేసారి కట్టేవాళ్లకే వర్తిస్తుంది, అదీ మొదటి గడువు వరకే. డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, అక్కడ చిన్న అక్షరాలతో ఉండే రెన్యూవల్ ధర, అంటే గడువు తీరాక కొనసాగించడానికి కట్టాల్సిన ధర, చూడండి. అది రెట్టింపు, అంతకన్నా ఎక్కువ కూడా ఉండవచ్చు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. అన్‌లిమిటెడ్ అనే మాట కనిపిస్తే నిబంధనల పేజీ తెరవండి; ఫైళ్ల సంఖ్యకో, ప్రాసెసర్ వాడకానికో అక్కడ ఒక పరిమితి రాసి ఉంటుంది. నిజానికి ఫొటోలు, రాతలు మాత్రమే ఉన్న సైట్‌ను గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత సేవలో 1 జీబీ వరకు పెట్టుకోవచ్చు కనుక, మొదట్లోనే డబ్బు కట్టి తీరాలని లేదు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి మన ఊరిని ముంచెత్తినప్పుడు మీలో చాలామంది పుట్టి ఉండరు. ఎన్నో ఇళ్లలో దస్తావేజులు, సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు బురదలో ముద్దయ్యాయి. వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఇంకో ప్రతి ఉన్నవే మిగిలాయి. అదే నెల 26న యాహూ సంస్థ, జనం సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్ సేవను మూసివేసింది. ముందుగా చెప్పే మూసింది, అయినా ప్రతి తీసి పెట్టుకోని వాళ్ల పేజీలు ఎన్నో పోయాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ సర్వర్లు ఉంచే డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయినప్పుడు, బ్యాకప్, అంటే ముందుజాగ్రత్తగా తీసిన ఇంకో ప్రతి, కూడా ఆ ప్రాంగణంలోనే ఉన్నవాళ్లకు సైటూ బ్యాకప్పూ రెండూ దక్కలేదు. కనుక రోజూ బ్యాకప్ తీస్తాం అని కంపెనీ చెబితే అంతటితో తృప్తిపడకుండా, అది ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, మేమే దించుకోవచ్చా అని మూడు ప్రశ్నలూ అడగండి. వాళ్లు ఏం చెప్పినా సరే, పూర్తి ప్రతి ఒకటి మీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉండాలి, దాన్ని అప్పుడప్పుడు తెరిచి చూస్తుండాలి.

సైట్ చిరునామాగా వాడే డొమైన్ పేరును, హోస్టింగ్‌ను వేరువేరు చోట్ల తీసుకోండి. హోస్టింగ్ నచ్చకపోతే ఫైళ్లు ఇంకోచోటికి మార్చుకుంటారు, చిరునామా మాత్రం అదే ఉంటుంది. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే, తగవు వచ్చిన రోజున పేరు కోసం వాళ్లను బతిమాలాల్సి వస్తుంది. మీకు 18 ఏళ్లు నిండలేదు కాబట్టి మీరు చేసుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. మీ అమ్మ పేరునో నాన్న పేరునో, వాళ్లు రోజూ చూసే ఈమెయిల్‌తో డొమైన్ నమోదు చేయించండి. సైట్ తయారుచేసి పెట్టే అన్న ఎంత మంచివాడైనా అతని పేరున వద్దు, ఎందుకంటే అతను ఫోన్ నంబరు మార్చినా రెన్యూవల్ కబురు మీకు అందదు.

చివరగా, డబ్బు కట్టే ముందు ఒక రాత్రివేళ ఆ కంపెనీ సహాయ విభాగానికి, ఏడాది తర్వాత మేం వేరే కంపెనీకి మారాలంటే ఫైళ్లు, డేటాబేస్ (సైట్ సమాచారం దాచే పట్టికలు) ఎలా తీసుకెళ్లాలి అని రాసి చూడండి. దారి స్పష్టంగా చెప్పే కంపెనీని నేను నమ్ముతాను. అడిగినదానికి సంబంధం లేని తయారు జవాబు వస్తే, అది ఎంత చవకైనా వదిలేయండి. వచ్చిన జవాబులన్నీ ఒకచోట రాసుకుని, ఆదివారం నిబంధనల పేజీలతో సహా నా దగ్గరకు తీసుకురండి. కూర్చుని చదువుదాం.

ఇట్లు
మీ తాతయ్య