టీనేజ్ పిల్లలు పెద్ద తప్పు చేసినప్పుడు: అపోహలు - వాస్తవాలు

"మావాడు చెయ్యి దాటిపోయాడండీ." నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మాట మొదలుపెట్టేది ఇలాగే. టీనేజ్ పిల్లల కౌన్సెలింగ్ నా వృత్తి. ఎదురు మాట్లాడటం, మార్కులు తగ్గడం, అర్ధరాత్రి దాకా మేలుకోవడం లాంటివి ఇక్కడ రాయడం లేదు. ఇంట్లో బంగారం మాయం చేయడం, గంజాయి, ఆన్‌లైన్ బెట్టింగ్, లైసెన్స్ లేకుండా బండి నడిపి మనిషిని గుద్దడం, తోటి అమ్మాయి ఫొటో మార్ఫింగ్ చేసి గ్రూపుల్లో పెట్టడం లాంటివి బయటపడినప్పుడు ఏం చేయాలన్నదే నా విషయం. అలాంటి రోజున సలహా ఇచ్చే బంధువులకి కొదవ ఉండదు. ఆ సలహాల్లో మళ్లీ మళ్లీ వినపడేవి కొన్ని ఉన్నాయి. అవే ఎక్కువ చేటు చేస్తున్నాయి.

అపోహ: నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

దెబ్బ తిన్న పదిహేనేళ్ల పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే: ఈసారి దొరక్కుండా ఎలా చేయాలా అని. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే పరిశోధకులు 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలున్న అధ్యయనాలను కలిపి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. చేత్తో కొట్టడం గురించి 17 కోణాల్లో పరిశీలిస్తే 13 చోట్ల కీడే కనిపించింది. మేలు ఒక్కచోట కూడా తేలలేదు. అవి ఎక్కువగా చిన్నపిల్లల మీద చేసినవి. టీనేజ్‌లో ఇంకో చిక్కుంది. తండ్రి చెయ్యెత్తితే కొడుకు ఆ చెయ్యి పట్టుకుని ఆపేస్తాడు. అక్కడి నుంచి ఆ ఇంట్లో ఎవరి మాటా చెల్లదు.

కొట్టొద్దంటే వదిలేయమని కాదు. శిక్ష ఉండాల్సిందే. ఆ రాత్రే ప్రకటించొద్దు, అంతే. కోపంలో నోటికొచ్చేవి "ఇక జన్మలో ఫోన్ ముట్టనివ్వను" లాంటివే. మూడో రోజుకి అలిగి అన్నం మానేశాడని అమ్మ ఫోన్ చేతికిచ్చేస్తుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో ఏళ్ల తరబడి కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించిన జెరాల్డ్ ప్యాటర్సన్ వివరించింది సరిగ్గా ఈ వలయాన్నే. గొడవ పెంచితే పెద్దవాళ్లు తగ్గుతారని పిల్లాడికి అర్థమవుతుంది, తర్వాతిసారి ఇంకా పెంచుతాడు. "ఏం చేయాలో రేపు చెబుతాం" అనండి. అమ్మానాన్నలిద్దరూ పిల్లాడు లేని చోట కూర్చుని మాట్లాడుకోండి. మీరు నిజంగా అమలు చేయగలిగిందే చెప్పండి. రెండు వారాలన్నారంటే రెండు వారాలే.

అపోహ: ఎస్సైగారు మనకి తెలిసినాయనే, ఒక పూట స్టేషన్లో కూర్చోబెడితే భయం పుడుతుంది.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూసినవాళ్లున్నారు. 1970ల్లో అమెరికాలోని న్యూజెర్సీలో రాహ్వే జైలుకి పిల్లల్ని తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీలతో బెదిరించి మాట్లాడించేవారు. చాలాచోట్ల దీన్ని అనుకరించారు. ఆంథనీ పెట్రోసినో బృందం ఈ తరహా కార్యక్రమాలను సమీక్షిస్తే, వెళ్లని పిల్లలకన్నా వెళ్లొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువగా నేరాలు చేశారని తేలింది. మన దగ్గర నిజంగా కేసైనా సరే, 18 నిండనివాళ్లని లాకప్‌లో ఉంచకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. చట్టమే పెట్టొద్దన్న చోటికి కన్నవాళ్లం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం ఏమిటి?

అపోహ: నలుగురికీ తెలియకుండా గుట్టుగా సర్దేస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసేది ఇదే. ప్రేమతో చేసేది కాబట్టి తప్పని ఒప్పించడం చాలా కష్టం.

ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడు ఒకడు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను) బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోగొట్టుకుని, అమ్మ గొలుసు తీసి, తనకన్నా పెద్దవాడైన స్నేహితుడి చేత తాకట్టు పెట్టించాడు. తండ్రికి తెలిసింది. వడ్డీతో సహా కట్టి విడిపించుకొచ్చాడు. "పిల్లాడి మనసు కష్టపెట్టకండిరా" అంది నాయనమ్మ. ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. కొన్ని నెలలకి అదే కుర్రాడు బాబాయి యూపీఐ పిన్ చూసి డబ్బు పంపించుకున్నాడు. అప్పుడు తీసుకొచ్చారు నా దగ్గరికి. గొలుసు సంగతి బయటపడ్డాక ఏం జరిగిందని కుర్రాణ్ణి అడిగాను. "ఏమీ జరగలేదు మేడమ్" అన్నాడు. అబద్ధం కాదు. నిజంగానే వాడి వరకూ ఏమీ జరగలేదు. అప్పు నాన్నది, భయం అమ్మది అయిపోయాయి.

రెండోసారి వేరేగా చేశారు. బాబాయికి విషయం చెప్పాల్సింది కుర్రాడే అనుకున్నాం. తండ్రి వెంట వెళ్లాలి గానీ కొడుకు తరఫున ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఆ కుర్రాడు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, మొదటి వాక్యం మూడుసార్లు మొదలుపెట్టాడట. బాబాయి కేకలేయలేదు. "ఎంత తీశావో సరిగ్గా చెప్పు" అన్నాడు. ఆ మొత్తం తీరేదాకా ఆదివారాలు బాబాయి ఫ్యాన్సీ షాపులో సరుకు సర్దాలని, ఎంత తీరిందో ప్రతివారం అమ్మ జమాఖర్చుల పుస్తకంలో తనే రాయాలని తేల్చుకున్నారు. మధ్యలో ఒకసారి మళ్లీ యాప్ పెట్టుకున్నాడు. ఆ సంగతి ఈసారి వాడే వచ్చి వాళ్ల నాన్నకి చెప్పాడు. నా దృష్టిలో ఆ కుటుంబం సాధించింది అదే.

నేను అందరికీ చెప్పేది ఇదొక్కటే: చేసినవాడే సరిదిద్దాలి, సరిదిద్దుతున్నంతసేపు మీరు పక్కన ఉండాలి. మీరే సరిదిద్దేస్తే వాడికి బరువు తెలియదు. అలాగని మీరు పక్కన లేకపోతే ఆ బరువు వాడు మొయ్యలేడు. సరిదిద్దడం వేరు, బంధువులందరి మధ్యా నిలబెట్టి క్షమాపణ చెప్పించడం వేరు. నష్టపోయిన మనిషికి చెబితే చాలు. ఊరంతా వినక్కర్లేదు.

బండి విషయంలో అయితే సర్దడానికి చట్టమే ఒప్పుకోదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 3 ఏళ్ల వరకూ జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. "సందు చివరి దాకానే కదా" అని తాళం చేతికిచ్చే నాన్నలు ఇది రెండుసార్లు చదవండి.

అమ్మాయి ఫొటోల వ్యవహారమైతే, ఆ అమ్మాయి ఇంటికి పెద్దమనుషుల్ని పంపి రాజీకి ఒత్తిడి చేయకండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వాళ్ల హక్కు. 18 లోపు అమ్మాయి అశ్లీల చిత్రమైతే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టంతో పాటు ఐటీ చట్టం 67బి సెక్షన్ కూడా వర్తిస్తుంది. ఇంకెవరికీ చేరకుండా ఆపడం, లాయర్‌తో మాట్లాడటం మీ పని. మీవాడి భవిష్యత్తు గురించి ఆలోచించే ముందు ఆ అమ్మాయి ఇవాళ స్కూలుకి ఎలా వెళ్తోందో ఇంట్లో కూర్చుని మాట్లాడండి, మీవాడు వినేలా.

అపోహ: ఫోన్‌లో చాటుగా ట్రాకింగ్ యాప్ వేస్తే అన్నీ తెలుస్తాయి.

స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 14 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. తల్లిదండ్రులకి పిల్లల సంగతులు తెలియడానికి అసలు మార్గం నిఘా కాదు, పిల్లలు తమంతట తాము చెప్పడమేనని అందులో తేలింది. చాటుగా చూస్తున్నారని తెలిసిన రోజున పిల్లలు రెండో సిమ్ సంపాదిస్తారు. బెట్టింగ్, గంజాయి లాంటివి బయటపడ్డాక కొంతకాలం ఫోన్, ఖాతా చూడక తప్పదు. అది చెప్పి చూడండి, ఎన్నాళ్లు చూస్తారో కూడా చెప్పి.

అపోహ: హాస్టల్లో వేసేస్తే బుద్ధొస్తుంది.

2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే వీడియో గేమ్‌తో ఒక ప్రయోగం చేశారు. తోటివాళ్లు పక్కన ఉన్నప్పుడు టీనేజ్ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో అంత తేడా లేదు. ఆ పిల్లాణ్ణే తీసుకెళ్లి రాత్రీ పగలూ తోటివాళ్లే ఉండే చోట పడేస్తే ఏమవుతుందో ఆలోచించండి. చదువు కోసం హాస్టల్ పెట్టడం వేరు, శిక్షగా పంపడం వేరు.

అపోహ: ఆడపిల్ల కదా, చదువు మాన్పించి పెళ్లి చేసేస్తే పోతుంది.

ఇది రాస్తుంటే నాకు కోపం ఆగదు. అబ్బాయి దొంగతనం చేస్తే కౌన్సెలింగ్, అమ్మాయి ఎవరితోనో చాటింగ్ చేస్తే సంబంధాలు! 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 2006 నాటి చట్టం ప్రకారం బాల్యవివాహం చేసినవాళ్లకీ చేయించినవాళ్లకీ శిక్ష ఉంది. అమ్మాయి చేసింది తప్పే అనుకున్నా, దానికి యావజ్జీవ శిక్ష వేసే అధికారం ఎవరికీ లేదు. పైగా అవతలివాడు పెద్దవాడై ఉండి, ఫొటోలతో బెదిరిస్తుంటే, అమ్మాయి అక్కడ బాధితురాలు. ముందు అది కనుక్కోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

అపోహ: "చచ్చిపోతా" అంటే ఉత్త బెదిరింపు.

తప్పు బయటపడిన మొదటి రాత్రి పిల్లలకి చాలా ప్రమాదకరమైన సమయం. నలుగురిలో ముఖం ఎలా చూపించాలన్న భయంలో తెల్లారితే పరిస్థితి మారుతుందన్న ఊహ రాదు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. పొలం పనులున్న ఇళ్లలో పురుగుల మందు, తాతగారి నిద్రమాత్రలు తాళం వేసిన చోటికి మార్చండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. మాట్లాడే మనిషి ఒకరున్నారని తెలుస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగునా?

టెర్రీ మోఫిట్ అనే మనస్తత్వవేత్త 1993లో రెండు రకాల పిల్లల్ని వేరుచేసి చూపించారు. టీనేజ్‌లో దారి తప్పి, ఆ వయసు దాటాక తమంతట తామే మానేసేవాళ్లే ఎక్కువమంది. పసితనం నుంచే మొదలై పెద్దయ్యాకా కొనసాగేవాళ్లు కొద్దిమంది. మీవాడు ఐదారేళ్లప్పటి నుంచే తోటిపిల్లల్ని, మూగజీవాల్ని హింసిస్తూ ఉంటే ఇంట్లో చిట్కాలతో కాలయాపన చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించండి. మిగతా పిల్లలకి దారి మూసుకుపోలేదు.

గంజాయి విషయంలో కూడా "కేసైతే జీవితం అయిపోయినట్టే" అని దాచిపెడతారు. మాదకద్రవ్యాల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాళ్లు వాడకం కేసులోనో, చిన్న పరిమాణం దొరికిన కేసులోనో ఇరుక్కున్నా, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో తమంతట తాము చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. డీఅడిక్షన్ సలహాకి జాతీయ హెల్ప్‌లైన్ 14446.

కౌన్సెలింగ్‌కి పిల్లాడు రానంటే బలవంతంగా ఈడ్చుకురావద్దు. ముందు మీ ఇద్దరూ రండి. అమ్మ ఒక్కతే కాదు, నాన్న కూడా.