ఏఎఫ్‌పీ యాంటీబాడీ: సీసాలో ఉన్నదంతా స్లైడు మీదికి రాదు

ఏఎఫ్‌పీ, అంటే ఆల్ఫా ఫీటో ప్రొటీన్. కడుపులోని బిడ్డలో మొదట సొన సంచి, తర్వాత కాలేయం దీన్ని తయారుచేస్తాయి. స్లైడు మీది కణజాలంలో రంగు (స్టెయిన్) రూపంలో గానీ, రక్త పరీక్షలో గానీ దీన్ని పట్టిచూపేదే ఏఎఫ్‌పీ యాంటీబాడీ. పుట్టాక నెలల్లోనే బాగా తగ్గిపోతుంది. పెద్దవాళ్ల రక్తంలో మామూలుగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపే. కాలేయ క్యాన్సర్‌లోనూ, అండాశయం, వృషణాల్లో వచ్చే యోక్ శాక్ ట్యూమర్ (సొన సంచి రకం గడ్డ)లోనూ మళ్లీ పెరుగుతుంది. 1963లో సోవియట్ శాస్త్రవేత్త అబెలెవ్ బృందం ఎలుకల్లో, మరుసటి ఏడాది అక్కడి తతారినోవ్ మనుషుల్లో, కాలేయ క్యాన్సర్‌తో దీనికున్న సంబంధం గుర్తించారు. తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో దీని గురించి తరచూ వినపడే మాటల్లో కొన్నిటిని ఇక్కడ సరిచూస్తున్నాం.

అపోహ: స్లైడు మీద ఏఎఫ్‌పీ రాకపోతే అది కాలేయ క్యాన్సర్ కాదు.

వాస్తవం: కాలేయ క్యాన్సర్‌లలో చాలావాటికి ఈ స్టెయిన్ పడదు. పడినా అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపుగా ఉంటుంది. సూది బయాప్సీలో ఆ గుంపు దొరకాలన్న నియమమేమీ లేదు. అందుకే ఆర్జినేజ్-1, హెప్-పార్-1, గ్లిపికాన్-3 అనే వేరే ప్రొటీన్ల స్టెయిన్లు కూడా కలిపి చూడాలి. ఒంటరిగా ఏఎఫ్‌పీని నమ్ముకుని రిపోర్టు రాయడం తొందరపాటే.

అపోహ: గోధుమరంగు కనిపిస్తే పాజిటివ్.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. కాలేయంలో పిత్తం, ఇనుము, లైపోఫ్యూసిన్ (కణాల్లో పేరుకునే రంగు పదార్థం) అన్నీ గోధుమ ఛాయల్లోనే ఉంటాయి. ఫార్మలిన్‌ని బఫర్ లేకుండా ఉత్త కుళాయి నీళ్లతో కలిపితే అది ఆమ్లంగా మారి, రక్తం ఎక్కువున్న ముక్కలో నల్ల గోధుమ రేణువులు వదులుతుంది. స్టెయిన్‌కి గోధుమరంగు ఇచ్చే రసాయనం డీఏబీ; దాని రంగు నుంచి వీటిని వేరుచేయడం కష్టం. కాబట్టి అదే బ్లాకు నుంచి మరో సెక్షన్ తీసి, ప్రైమరీ యాంటీబాడీ (ఏఎఫ్‌పీని పట్టుకునేది) వేయకుండా మిగతా అన్ని మెట్లూ నడపండి. అందులోనూ గోధుమరంగు వస్తే అది ఏఎఫ్‌పీ కాదు.

నిజమైన స్టెయిన్ కణం లోపల, సైటోప్లాజంలో, రేణువులుగా ఉంటుంది. రక్తనాళాల్లోని ప్లాస్మా పలచగా, పరుచుకున్నట్టు రంగెక్కితే అది రోగి సీరంలోని ఏఎఫ్‌పీయే కావచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇంకొకటి, కాలేయంలో సహజంగానే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ. బయోటిన్‌ని పట్టుకునే అవిడిన్‌తో పనిచేసే పాత అవిడిన్-బయోటిన్ కిట్ వాడితే బ్యాక్‌గ్రౌండ్ (అక్కర్లేని రంగు) ముంచేస్తుంది. బయోటిన్ లేని పాలిమర్ కిట్ వాడితే ఈ బాధ ఉండదు.

అపోహ: కంపెనీ కాగితం మీద యాంటీబాడీని 1:200గా పలచబరచమని ఉంటే మనకూ అదే.

వాస్తవం: అది మొదలుపెట్టే చోటు మాత్రమే. 10 మైక్రోలీటర్ల యాంటీబాడీకి 990 మైక్రోలీటర్ల డైల్యూయెంట్ (పలచబరిచే ద్రవం) కలిపితే 1:100. అందులోంచి 500 తీసి 500 కలిపితే 1:200. అలాగే 1:400, 1:800. సెక్షన్ 3 నుంచి 4 మైక్రాన్లు, స్లైడుకు 100 నుంచి 150 మైక్రోలీటర్లు చాలు. యోక్ శాక్ ట్యూమర్ లేదా పిండ కాలేయం పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టండి. రంగు బలంగా, వెనకాల శుభ్రంగా ఉన్న డైల్యూషనే మీది. రిట్రీవల్‌కి (ఫార్మలిన్ కప్పేసిన ప్రొటీన్‌ని వేడితో మళ్లీ బయటపెట్టే మెట్టుకి) సిట్రేట్ పీహెచ్ 6, ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9 రెండూ ప్రయత్నించి చూడండి. బఫర్‌కి బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ నీళ్లే. ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాన్ కింద పెట్టిన స్లైడు అంచులు ఆరిపోయి, ఆ అంచే ముదురుగా రంగెక్కుతుంది. మూత ఉన్న డబ్బాలో తడి కాగితం పరిచి అందులో పెట్టండి.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటుంది.

వాస్తవం: రెడీ-టు-యూజ్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల్లోనే ఉండాలి. మాటిమాటికీ గడ్డకట్టి కరిగితే యాంటీబాడీ దెబ్బతింటుంది. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపలి అరలో, థర్మామీటరు పక్కన పెట్టండి. కరెంటు పోయినప్పుడు తలుపు తీయకండి. సీసాలోని సోడియం అజైడ్ పాడవకుండా కాపాడుతుంది గానీ, స్టెయిన్‌లో రంగు తెచ్చే ఎంజైమ్ పెరాక్సిడేజ్‌ని చంపేస్తుంది. వాష్ బఫర్‌లో అది ఉండకూడదు.

అపోహ: సీరం రిపోర్టులో తక్కువ వస్తే తక్కువే.

వాస్తవం: శాండ్‌విచ్ కిట్లలో ఏఎఫ్‌పీ అణువు రెండు యాంటీబాడీల మధ్య ఇరుక్కుంటేనే సిగ్నల్ వస్తుంది. ఒకే మెట్టులో నడిచే అలాంటి కిట్లలో ఏఎఫ్‌పీ మరీ ఎక్కువుంటే పట్టే యాంటీబాడీ, చూపే యాంటీబాడీ వేర్వేరు అణువులతో నిండిపోతాయి. రెండూ ఒకే అణువు మీద కలవవు, సిగ్నల్ పడిపోతుంది. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. ఉదాహరణకు, సీరం పలచబరచకుండా నేరుగా 480 (నానోగ్రాములు, మిల్లీలీటరుకు) వచ్చింది అనుకోండి. 50 మైక్రోలీటర్ల సీరానికి 450 డైల్యూయెంట్ కలిపితే (1:10) 900 చూపింది, అంటే 9,000. 1:100లో 700, అంటే 70,000. 1:1000లో 85, అంటే 85,000. లెక్క ఇంకా పైకే పోతోంది, ఇంకా పలచబరచాల్సిందే. వరుసగా రెండు డైల్యూషన్ల ఫలితం దగ్గరపడే దాకా ఆగకూడదు. స్కానులో పెద్ద గడ్డ ఉండి ఏఎఫ్‌పీ మామూలుగా ఉందంటే ముందు చేయాల్సిన పని ఇది. బయోటిన్ మాత్రలు వాడే రోగి అయితే, స్ట్రెప్టావిడిన్ (బయోటిన్‌ని పట్టుకునే ప్రొటీన్) వాడే కిట్లలో ఫలితం అబద్ధంగా తక్కువ రావచ్చు, అడిగి తెలుసుకోండి.

అపోహ: ఏఎఫ్‌పీ పెరిగితే క్యాన్సరే.

వాస్తవం: గర్భిణులకు, పసిపిల్లలకు పెరిగి ఉండడం సహజం. హెపటైటిస్, సిరోసిస్‌లోనూ పెరుగుతుంది.

అపోహ: యూనిట్లు ఏవైనా ఒకటే.

వాస్తవం: ఒక అంతర్జాతీయ యూనిట్ అంటే 1.21 నానోగ్రాములు. చిత్తూరులో ఒక యూనిట్‌లో, తిరుపతిలో మరో యూనిట్‌లో ఇచ్చిన రిపోర్టులను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి. కిట్టు మారినా అంతే. చికిత్సలో ఉన్న రోగికి ఒకే ల్యాబు, ఒకే పద్ధతి. గడ్డ పూర్తిగా తీసేశాక విలువ 5 నుంచి 7 రోజులకోసారి సగమవుతూ రావాలి; అలా రాకపోతే డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయండి.