రోహిణి కార్తెలో గ్రాఫిక్స్ కార్డు

వైశాఖ, జ్యేష్ఠ మాసాలు వచ్చాయంటే తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు నిద్ర ఉండదు. కొండ మీద ముహూర్తం, కింద రిసెప్షన్, వారం తిరగకుండా వీడియో చేతికి రావాలని రెండు వైపుల వాళ్ల ఫోన్లు. బైరాగిపట్టెడలోని మా ఇంటి హాల్లో ఒక మూల తమ్ముడి కంప్యూటర్, ఇంకో మూల అమ్మ మంచం. రాత్రి పదకొండు దాటాక తమ్ముడు రెండరింగ్, అంటే ఎడిట్ చేసిన ముక్కలన్నీ కలిపి పూర్తి వీడియోగా తయారు చేసే పని, మొదలుపెడతాడు. రెండు నిమిషాల్లో, కంప్యూటర్‌లో బొమ్మల లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు పుంజుకుంటాయి. "పిండిమర పెట్టేశావా నాయనా" అంటూ అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంటుంది. పోయిన వేసవిలో రోజూ ఇదే తంతు.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఆ చప్పుడు వెనక ఏముందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. మొదట నన్ను నిలబెట్టిన ప్రశ్న సీలింగ్ ఫ్యానుది. అమ్మ తల మీద తిరిగే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతోందనుకుంటే, దాని రెక్క కొస సెకనుకు 22 మీటర్ల వేగంతో గాలిని కోస్తుంది. కార్డు మీది ఫ్యాను అరచేతిలో ఇమిడిపోతుంది. 85 మిల్లీమీటర్ల ఆ ఫ్యాను నిమిషానికి 2,800 చుట్లు తిరిగినా రెక్క కొస వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లే. వేగంగా కోసేది జోకొడుతోంది, నెమ్మదిగా కోసేది నిద్ర చెడగొడుతోంది. ఎందుకు?

రెక్క ఒక చోటు దాటిన ప్రతిసారీ అక్కడి గాలికి ఒక తోపు తగులుతుంది. సీలింగ్ ఫ్యానుకు మూడు రెక్కలు. సెకనుకు పదిహేడున్నర తోపులు. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ కంటే కింద స్వరం వినిపించదు, అందుకే ఆ ఫ్యాను నుంచి మనకు చేరేది గాలి సవ్వడి మాత్రమే. కార్డు ఫ్యానుకు తొమ్మిది రెక్కలుంటే సెకనుకు 420 తోపులు. అది స్వరం, శ్రుతి పట్టి పాడగలిగేంత స్పష్టమైన స్వరం. పైగా కార్డుకు ఒకటికి రెండు ఫ్యాన్లు. వాటి వేగాల్లో 30 చుట్ల తేడా ఉన్నా చాలు, రెండు స్వరాలూ ఒకదానితో ఒకటి పడక, శ్రుతి కలవని తంబురా తీగల్లా సెకనుకు నాలుగైదుసార్లు ఉబ్బి తగ్గుతాయి. అమ్మ పిండిమర అన్నది ఈ ఊగిసలాటనే.

స్వరంతో పాటు బుస కూడా ఉంటుంది. రెక్కల అంచుల దగ్గర గాలి చిన్న చిన్న సుడులుగా చీలిపోవడం వల్ల పుట్టేది అది. ఈ సుడుల గురించి చెప్పేటప్పుడు మా పిల్లలకు ఎప్పుడూ గాదంకి పేరు గుర్తుచేస్తాను. తిరుపతికి దగ్గర్లోని ఆ ఊళ్లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి రాడార్ 1,024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. పైన గాలి కల్లోలంలో దాదాపు మూడు మీటర్ల పరిమాణంలో ఉండే మార్పుల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనిని అందుకుంటుంది. కంటికి కనబడని గాలి సుడులను అక్కడ యాంటెన్నాలు పట్టుకుంటే, ఇక్కడ మన చెవి పట్టుకుంటుంది. కార్డులోని సుడులు మిల్లీమీటర్లలో ఉంటాయి, అంతే.

జెట్ ధార నుంచి వచ్చే శబ్దం వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుందని 1952లో జేమ్స్ లైట్‌హిల్ గణితంతో చూపించాడు. ఫ్యాన్ల దగ్గర ఇంజనీర్లు వాడే లెక్క అంత నిటారుగా ఉండదు. శబ్ద శక్తి వేగానికి ఇంచుమించు ఐదో ఘాతంలో మారుతుందని తీసుకుంటారు. అదీ తక్కువేమీ కాదు. రెండు ఫ్యాన్లలో ఒకటి ఆపేస్తే తగ్గేది 3 డెసిబెల్స్. రెండింటినీ తిరగనిచ్చి వేగం సగం చేస్తే తగ్గేది 15 డెసిబెల్స్. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది. 2,800 చుట్లను 2,000కు దించితే ఏడు డెసిబెల్స్ పైనే పోతాయి. అంటే మనకు కావలసిందల్లా ఫ్యాను కాస్త నెమ్మదించడం.

కానీ ఫ్యాను ఊరికే తొందరపడటం లేదు. దాని కింద వేడి ఉంది. అసలు విషయాన్ని ఇక్కడే చాలామంది వదిలేస్తారని నా అభిప్రాయం. ఖరీదైన ఫ్యాన్లు కొంటారు, కంప్యూటర్ కేబినెట్‌కు స్పాంజి అంటిస్తారు, వేడి మాత్రం అంతే ఉంటుంది. తమ్ముడి కార్డు 170 వాట్ల తరగతిది. తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారి మా హాల్లోకే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. ఆ లెక్కన రాత్రంతా కంప్యూటర్ నడిస్తే అమ్మ పక్కన ఇంకో ఇద్దరు పడుకున్నట్టే.

దీనికి మా ఎండలు తోడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మా మిద్దె పగలంతా కాగి, రాత్రి ఆ వేడిని కిందికి దించుతుంది. కార్డులో లెక్కలు చేసే చిప్‌ను 75 డిగ్రీల దగ్గర ఉంచాలనుకుందాం. గది 25 డిగ్రీలు ఉంటే వేడి దిగిపోవడానికి 50 డిగ్రీల వాలు దొరుకుతుంది. గది 38 ఉంటే ఆ వాలు 37 డిగ్రీలే. వాలు తగ్గినంత మేరా గాలి పెరగాలి, అంటే వేగం కనీసం మూడో వంతు పెరగాలి. నిజానికి గాలి పెరిగినంతగా వేడి దిగడం పెరగదు కాబట్టి ఇంకా ఎక్కువే కావాలి. కనీసమే చూసుకున్నా ఆరు డెసిబెల్స్ అదనం. ధనుర్మాసంలో కిక్కురుమనని కార్డు మే నెలలో అరవడానికి కారణం దానికేదో పాడైపోవడం కాదు.

ఎండను తగ్గించలేం, వాట్లను తగ్గించగలం. చిప్‌లోని ట్రాన్సిస్టర్లు మారుతున్నప్పుడు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గానికీ, ఫ్రీక్వెన్సీకీ (చిప్ పనిచేసే వేగానికీ) అనులోమంగా ఉంటుంది. వర్గం అన్న మాట దగ్గర ఆగండి. 1.05 వోల్టులను 0.90కి దించితే, అదే వేగంలో ఆ ఖర్చు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. తయారీదారులు తమ చిప్‌లన్నింటిలో బలహీనమైనది కూడా పనిచేయాలని వోల్టేజిని కొంత ఉదారంగా పెడతారు. పైగా చివరి కొద్ది శాతం వేగం కోసం వోల్టేజిని బాగా పెంచాల్సి వస్తుంది. అందుకే ఆ చివరి కొసను వదులుకుంటే నష్టం కొంచెం, లాభం ఎక్కువ. దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. అంత లోతుకు వెళ్లడానికి సంకోచించేవారు పవర్ లిమిట్, అంటే కార్డు తీసుకోగల కరెంటుకు పెట్టే హద్దు, ఒక్కటి తగ్గిస్తే చాలు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది, అందులో ఒక గీతను ఎడమకు జరపడమే పని. తమ్ముడు వంద శాతాన్ని 75కి తెచ్చాడు. రెండరింగ్‌కు పట్టే సమయం పదో వంతు కూడా పెరగలేదు. ఆటలు ఆడే పిల్లలకైతే ఇంకా సులువు. తెర సెకనుకు 60 చిత్రాలే చూపగలిగితే కార్డు చేత 200 గీయించడం వృథా వేడి. ఫ్రేములకు పరిమితి పెట్టేయండి.

ఇక దుమ్ము. ఎండాకాలమంతా గాలి ఆడుతుందని తమ్ముడు కేబినెట్ పక్క తలుపు తీసి పెట్టాడు. తలుపు తీస్తే ఒకటి రెండు డిగ్రీలు తగ్గవచ్చు, కానీ శబ్దం అడ్డు లేకుండా బయటికొస్తుంది, దుమ్ము అడ్డు లేకుండా లోపలికెళ్తుంది. మన ఇళ్లలో అది ఒట్టి దుమ్ము కూడా కాదు. వంటింటి తాలింపు ఆవిరి, పూజగదిలోని అగరుబత్తి, సాంబ్రాణి పొగ కలిసి, చిప్ వేడిని గాలిలోకి వదిలే హీట్‌సింక్ రేకుల మధ్య జిగురుగా పేరుకుంటాయి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, బ్లోయర్‌తో ఊదాం. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది, మోటారు తిరగబడి జనరేటరులా కరెంటు పుట్టిస్తుంది కూడా. కంప్యూటర్ బల్లను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపాం. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ కొన్నేళ్లకు ఎండిపోతుంది. దాన్ని మార్చడం తెలిసినవారి చేత చేయించడమే మంచిది, వారంటీ ఉంటే ముందు ఆ కాగితం చదవాలి.

చివరిగా ఫ్యాన్ కర్వ్ సరిదిద్దాం. ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చెప్పే గీత అది. అమ్మ సీలింగ్ ఫ్యాను కింద హాయిగా నిద్రపోతుంది, కరెంటు పోయి ఆ ఫ్యాను ఆగితే మాత్రం లేచి కూర్చుంటుంది. మన మెదడు స్థిరమైన చప్పుడును పక్కన పెట్టేస్తుంది, మార్పును మాత్రం వదలదు. కార్డుతో వచ్చిన గీత నిటారుగా ఉండి, రెండు డిగ్రీలు పెరిగితే ఫ్యాను లేచేది, తగ్గితే పడేది. గీతను ఏటవాలుగా మార్చి, నాలుగైదు డిగ్రీలు తగ్గేదాకా వేగం దించవద్దని చెప్పాం. ఇప్పుడు రాత్రంతా ఒకే వేగం.

ఇదంతా అయ్యాక వారం రోజులకు అమ్మ కొత్త ఫిర్యాదు చేసింది. "పిండిమర పోయింది గానీ ఇంట్లో కీచురాయి దూరింది, చూడండి" అంది. పిండిమర మరుగున ఇన్నాళ్లూ వినిపించని చప్పుడు అది. కార్డులో వోల్టేజిని మార్చి అందించే చోట రాగి తీగ చుట్టలు ఉంటాయి. వాటి గుండా కరెంటు చకచకా మారుతుంటే అవి లేశమాత్రం కంపిస్తాయి, సన్నని కూత వస్తుంది. దీన్ని కాయిల్ వైన్ అంటారు. కార్డుకు దానివల్ల హాని లేదు, ఫ్యానును ఎంత తగ్గించినా అది పోదు. అయితే సన్నని స్వరాలకు అడ్డం దాటే బలం తక్కువ, పలుచని రేకు కూడా వాటిని బాగా ఆపగలదు. తమ్ముడు మంచం కిందికి వంగి, నెలల తరబడి అక్కడే ఉన్న కేబినెట్ పక్క తలుపు తీసి, తుడిచి, మరలు బిగించాడు. కీచురాయి అమ్మ మంచం దాకా రావడం లేదు.