పది డొమైన్లు, ఒకే సర్వర్: అపోహలు - వాస్తవాలు

సర్వర్లు చూసుకోవడమే నా పని. ఒక్కో మెషీన్ మీద ఇరవై ముప్పై సైట్లు ఉంటాయి, అన్నీ వేరే వేరే మనుషులవి, వేరే వేరే డొమైన్లు. కొత్తగా ఎవరు వచ్చినా అవే ప్రశ్నలు, అవే భయాలు. నాకు బాధ కలిగించేది ఏంటంటే అక్కర్లేని చోట భయపడతారు, నిజంగా భయపడాల్సిన చోట మాత్రం అసలు పట్టించుకోరు. సొంత ఐపీ (నెట్‌లో సర్వర్‌కి ఉండే నంబర్ అడ్రస్) కావాలా వద్దా అని గంటసేపు వాదిస్తారు, ఫోల్డర్ పర్మిషన్ల గురించి ఒక్క ముక్క అడగరు. అందుకే కాస్త ఓపిక చేసుకుని ఇది రాస్తున్నా.

అపోహ: ప్రతి డొమైన్‌కీ సొంత ఐపీ అడ్రస్ ఉండాల్సిందే

ఇది ఒకప్పుడు నిజమే, గాల్లోంచి పుట్టిన మాట కాదు. హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) 1.0 రోజుల్లో బ్రౌజర్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యి "ఫలానా పేజీ ఇవ్వు" అని పాత్ ఒక్కటే చెప్పేది, ఏ సైట్ పేజీ అన్నది చెప్పడం తప్పనిసరి కాదు. కాబట్టి సర్వర్‌కి తెలిసే దారి ఒక్కటే, రిక్వెస్ట్ ఏ ఐపీ మీదకి వచ్చిందో చూసుకోవడం. రెండు సైట్లుంటే రెండు ఐపీలు. 1997 జనవరిలో హెచ్‌టీటీపీ 1.1 స్పెసిఫికేషన్ వచ్చాక కథ మారింది, అందులో హోస్ట్ హెడర్ తప్పనిసరి చేశారు, అంటే ప్రతి రిక్వెస్ట్‌తో పాటు నాకు ఏ డొమైన్ కావాలో బ్రౌజరే చెప్తుంది. అది లేకుండా 1.1 రిక్వెస్ట్ పంపితే సర్వర్ 400 ఎర్రర్ ఇవ్వాలని రూల్. ఆ ఒక్క లైన్ వల్లే ఈరోజు ఒకే ఐపీ మీద వందల సైట్లు నడుస్తున్నాయి. నడవాలి కూడా, ఎందుకంటే ఐపీవీ4 అనే పాత తరహా ఐపీల్లో మొత్తం ఉన్నవే దాదాపు 430 కోట్ల అడ్రస్‌లు, 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలో మిగిలిన ఆఖరి బ్లాకులు కూడా పంచేశారు.

"సరే, మరి హెచ్‌టీటీపీఎస్‌కి అయినా సొంత ఐపీ కావాలి కదా" అని వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇదీ పాత నిజమే. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యాకే హోస్ట్ హెడర్ వస్తుంది, కానీ ఎన్‌క్రిప్షన్ మొదలవ్వాలంటే ముందు సర్వర్ తన గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ చూపించాలి, ఎవరి సర్టిఫికెట్ చూపించాలో తెలియాలంటే పేరు కావాలి, పేరేమో ఇంకా రాలేదు. ఈ ముడి విప్పింది ఎస్ఎన్ఐ (సర్వర్ నేమ్ ఇండికేషన్). 2003లోనే స్టాండర్డ్‌లోకి వచ్చింది, హ్యాండ్‌షేక్ మొదటి మెసేజ్‌లోనే బ్రౌజర్ డొమైన్ పేరు చెప్పేస్తుంది, సర్వర్ దానికి తగ్గ సర్టిఫికెట్ తీసి ఇస్తుంది. స్టాండర్డ్ వచ్చినా చాలా ఏళ్లు ఎవరూ ధైర్యంగా వాడలేకపోయారు, ఎందుకంటే విండోస్ ఎక్స్‌పీ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఎస్ఎన్ఐ తెలీదు, పాత ఆండ్రాయిడ్ 2 ఫోన్ల బ్రౌజర్‌కీ తెలీదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో సపోర్ట్ ఆపేశారు, ఆ మెషీన్లు పోయాయి, "ఎస్ఎస్ఎల్‌కి డెడికేటెడ్ ఐపీ" అనే మాట మాత్రం మిగిలిపోయింది. ఇంకా ఆ పేరు చెప్పి ఎవరైనా ఐపీ అమ్మజూపితే ఎందుకు అవసరమో కచ్చితంగా అడగండి.

అపోహ: డీఎన్ఎస్‌లో రికార్డ్ పెట్టేస్తే సైట్ వచ్చేస్తుంది

డీఎన్ఎస్ (డొమైన్ పేరుకి ఐపీ ఏదో చెప్పే వ్యవస్థ) దారి చూపిస్తుంది అంతే, ఇంట్లో ఏ గదిలోకి వెళ్లాలో అది చెప్పదు. A రికార్డ్ ఇచ్చేది ఐపీ ఒక్కటే, అందులో ఫోల్డర్ ఉండదు, పోర్ట్ ఉండదు. సర్వర్ దగ్గర ఆ డొమైన్ పేరుతో వర్చువల్ హోస్ట్ (ఈ పేరుకి ఈ సైట్ అని చెప్పే కాన్ఫిగ్ బ్లాక్) రాసి ఉంటేనే మీ సైట్ తెరుచుకుంటుంది. వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీలో అయితే సర్వర్‌నేమ్, సర్వర్‌ఎలియాస్ లైన్లు, ఎంజిన్‌ఎక్స్‌లో అయితే సర్వర్_నేమ్ లైన్.

ఇందులో సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి కలిపే డీఎన్ఎస్ రికార్డ్) గురించి విడిగా చెప్పాలి. "మా కొత్త డొమైన్‌ని పాత సైట్‌కి సీనేమ్ చేశాం, అయినా వేరే ఏదో సైట్ వస్తోంది" అని నెలకి ఒకరైనా అడుగుతారు. సీనేమ్ అంటే రీడైరెక్ట్ కాదండీ. బ్రౌజర్ ఐపీ వెతుక్కోవడానికే ఆ రెండో పేరు పనికొస్తుంది, ఐపీ దొరికాక హోస్ట్ హెడర్‌లో పంపేది యూజర్ టైప్ చేసిన మొదటి పేరే. ఆ పేరు సర్వర్‌కి తెలీకపోతే మీ పాత సైట్ రాదు. మరి ఏం వస్తుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది.

అపోహ: సర్వర్‌కి తెలియని పేరు వస్తే ఎర్రర్ ఇస్తుంది

ఇవ్వదు. ఏదో ఒక సైట్ చూపిస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అయినా అపాచీ అయినా పేరు ఎక్కడా కలవకపోతే ఆ ఐపీ, పోర్ట్‌కి డిఫాల్ట్‌గా ఉన్న సైట్‌కి పంపిస్తుంది. డిఫాల్ట్ ఏదో మీరు చెప్పకపోతే కాన్ఫిగ్‌లో ముందు చదివిన సైటే డిఫాల్ట్. ఫైళ్లు అక్షర క్రమంలో లోడ్ అవుతాయి కాబట్టి ఇంగ్లీష్ అక్షరమాలలో ఎవరి ఫైల్ పేరు ముందుంటే వాళ్ల సైట్ ఊరందరికీ డిఫాల్ట్ అయిపోతుంది. నిన్నటిదాకా బాగానే ఉండి, ఈరోజు A అక్షరంతో మొదలయ్యే కొత్త క్లయింట్ ఫైల్ ఒకటి చేర్చగానే డిఫాల్ట్ మారిపోతుంది, ఎవరూ గమనించరు.

దీనివల్ల ఏమవుతుంది అంటే చాలానే అవుతుంది. ఎవరో ఎక్కడో వాళ్ల డొమైన్‌ని మీ ఐపీకి తిప్పితే వాళ్ల పేరు మీద మీ క్లయింట్ సైట్ కనిపిస్తుంది, సెర్చ్ ఇంజిన్ ఆ పేరుతో కూడా పేజీలు పట్టుకోవచ్చు. ఇంకా ఘోరం, హోస్ట్ హెడర్ అనేది యూజర్ వైపు నుంచి వచ్చే మాట, ఎవరైనా ఏ పేరైనా రాసి పంపొచ్చు. సైట్ కోడ్ ఆ హెడర్‌ని నమ్మి పాస్‌వర్డ్ రీసెట్ లింక్ తయారు చేస్తుంటే, దొంగ తన డొమైన్ పేరు హెడర్‌లో పెట్టి మీ యూజర్ ఈమెయిల్‌తో రీసెట్ అడుగుతాడు, యూజర్‌కి వెళ్లే మెయిల్‌లో దొంగ డొమైన్ లింక్ ఉంటుంది, నొక్కితే అందులోని రహస్య టోకెన్ ఆ దొంగ చేతికి పోతుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు, చాలా కాలంగా తెలిసిన దాడి.

అందుకే నేను కొత్త సర్వర్ తీసుకుంటే మొదట రాసేది ఏ క్లయింట్ సైటూ కాదు, ఎవరికీ చెందని ఒక ఖాళీ డిఫాల్ట్ బ్లాక్. ఎంజిన్‌ఎక్స్‌లో లిజన్ లైన్‌లో డిఫాల్ట్_సర్వర్ అని పెట్టి రిటర్న్ 444 ఇస్తే జవాబు లేకుండా కనెక్షన్ మూసేస్తుంది. హెచ్‌టీటీపీఎస్ వచ్చే 443 పోర్ట్‌కి 1.19.4 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఎల్_రిజెక్ట్_హ్యాండ్‌షేక్ అనే సెట్టింగ్ ఉంది, తెలియని పేరుతో వస్తే సర్టిఫికెట్ కూడా చూపించకుండా తిప్పి పంపేస్తుంది. అపాచీలో అయితే మొదటి ఫైల్‌కి సున్నాలతో మొదలయ్యే పేరు పెట్టి అందరికీ 403 ఇచ్చేలా రాసుకోండి. పది నిమిషాల పని.

ఇదే కోవలో నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టిన కేసు ఒకటి చెప్తా. ఒక సైట్ కొంతమందికి మామూలుగా వస్తోంది, కొంతమందికి సర్టిఫికెట్ వార్నింగ్ వస్తోంది, దాటి వెళ్తే పక్క క్లయింట్ సైట్ కనిపిస్తోంది. నా దగ్గర ఎన్నిసార్లు చూసినా బాగానే ఉంది. క్యాష్ అనుకున్నా, డీఎన్ఎస్ ఇంకా పాకలేదేమో అనుకున్నా, ఏవీ కాదు. చివరికి తేలింది ఏంటంటే ఆ డొమైన్‌కి ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) కోసం క్వాడ్ ఏ (AAAA) రికార్డ్ ఉంది, కానీ ఆ సైట్ బ్లాక్‌లో ఐపీవీ4 లిజన్ లైన్లు మాత్రమే రాశాను, పక్క సైట్ బ్లాక్‌లో మాత్రం రెండూ ఉన్నాయి. ఎంజిన్‌ఎక్స్ ముందు ఐపీ, పోర్ట్ చూసుకుంటుంది, ఆ తర్వాతే పేరు చూస్తుంది. ఐపీవీ6 మీద వచ్చినవాళ్లకి అక్కడ ఉన్న ఒకే ఒక్క సైట్ అదే, అదే ఇచ్చింది. నా కనెక్షన్‌లో ఐపీవీ6 లేదు కాబట్టి నాకు ఎప్పటికీ కనిపించదు. అప్పటినుంచి ఏ డొమైన్ చేర్చినా రెండు రకాల ఐపీలతోనూ టెస్ట్ చేయకుండా పూర్తయింది అని చెప్పను. ఒక సైట్‌కి ఫలానా ఐపీ అని స్పష్టంగా రాసి, మిగతావాటికి ఐపీ లేకుండా ఒట్టి పోర్ట్ 80 అని రాసినా ఇదే గొడవ, ఆ ఐపీ మీదకి వచ్చే రిక్వెస్టులన్నీ ఆ ఒక్క సైటే మింగేస్తుంది. అపాచీలోనూ అంతే.

అపోహ: వేరే డొమైన్, వేరే ఫోల్డర్, కాబట్టి ఒకటి హ్యాక్ అయినా మిగతావి సేఫ్

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, నేను ఎవరు దొరికినా చెప్పేదీ ఇదే. వర్చువల్ హోస్ట్ అనేది గుమ్మం దగ్గర పేరు చూసి లోపలికి పంపే ఏర్పాటు మాత్రమే, గదుల మధ్య గోడ కాదు. మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన సర్వర్‌లో అన్ని సైట్ల పీహెచ్‌పీ కోడూ ఒకే యూజర్ కింద నడుస్తుంది, డెబియన్, ఉబుంటులో అయితే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్. ఆ యూజర్‌కి అన్ని సైట్ల ఫైళ్లూ చదివే హక్కు ఉంటుంది, చాలాచోట్ల రాసే హక్కు కూడా. అంటే మీ పది సైట్లలో ఎవరూ పట్టించుకోని ఒక పాత వర్డ్‌ప్రెస్ సైట్‌లో పాత ప్లగిన్ ద్వారా ఒకడు దూరాడనుకోండి, వాడు పక్క ఫోల్డర్‌లోకి వెళ్లి మిగతా తొమ్మిది సైట్ల డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైళ్లు తెరుస్తాడు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు అందులోనే ఉంటాయి, ఇంక చెప్పేదేముంది. ఒక సైట్ శుభ్రం చేస్తే రెండు రోజుల్లో మళ్లీ ఇన్‌ఫెక్ట్ అవుతోంది అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే, మందు వేసింది ఒకదానికి, రోగం ఉన్నది పక్కదానిలో.

పరిష్కారం కష్టమేం కాదు. ఒక్కో సైట్‌కి ఒక్కో లైనక్స్ యూజర్, ఒక్కో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం పూల్ (పీహెచ్‌పీ కోడ్ నడిపే ప్రాసెస్‌ల గుంపు) ఆ యూజర్ పేరుతోనే, సైట్ ఫోల్డర్‌కి 750 పర్మిషన్ పెట్టి గ్రూప్ వెబ్ సర్వర్‌కి ఇవ్వండి, బయటివాళ్లకి ఏమీ వద్దు. కాన్ఫిగ్ ఫైల్ మాత్రం ఆ గ్రూప్‌కీ అక్కర్లేదు, సైట్ యూజర్ ఒక్కడే చదివేలా 600 చాలు. డేటాబేస్ కూడా ఒక్కో సైట్‌కి వేరే యూజర్, ఆ యూజర్‌కి ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులు. అన్నిటికీ రూట్ పాస్‌వర్డ్ వాడేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నా, దయచేసి ఈరోజే మార్చండి. ఓపెన్_బేస్‌డిర్ (పీహెచ్‌పీ ఏ ఫోల్డర్లు తాకొచ్చో చెప్పే సెట్టింగ్) పెట్టాను చాలదా అంటారు కొందరు, అది పీహెచ్‌పీ ఫైల్ ఫంక్షన్లని ఆపుతుంది, కానీ కోడ్ లోపలి నుంచి షెల్ కమాండ్ నడిపితే అది అడ్డురాదు. ఉంటే మంచిదే, దాన్నే గోడ అనుకోకండి.

అపోహ: ఒకే సర్టిఫికెట్‌లో అన్ని డొమైన్లూ వేసేస్తే సులువు

లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబర్‌లో అందరికీ తెరిచాక సర్టిఫికెట్ ఉచితమే కదా, ఇంకా పొదుపు చేయాల్సిన పనేముంది. ఒకే సర్టిఫికెట్‌లో పది మంది క్లయింట్ల పేర్లు పెడితే వాళ్లలో ఒకరు డొమైన్‌ని వేరే సర్వర్‌కి మార్చుకున్న రోజు వెరిఫికేషన్ ఫెయిల్ అవుతుంది, రెన్యువల్ మొత్తం ఆగిపోవచ్చు, మిగతా తొమ్మిది మందికీ గడువు తీరిపోతుంది. పైగా సర్టిఫికెట్ తెరిచి చూసిన ఎవరికైనా మీ క్లయింట్ల లిస్ట్ మొత్తం కనిపిస్తుంది. ఇంకో మెలిక, రెండు పేర్లూ ఒకే సర్టిఫికెట్‌లో ఉండి ఐపీ కూడా ఒకటే అయితే హెచ్‌టీటీపీ 2లో బ్రౌజర్ మొదటి సైట్ కోసం తెరిచిన కనెక్షన్‌నే రెండో సైట్‌కి కూడా వాడుకోవచ్చు. రెండిటి టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) సెట్టింగులు వేరైతే అపాచీ 421 ఎర్రర్ ఇస్తుంది, ఆ నంబర్ ఎప్పుడైనా చూసి అర్థం కాక వదిలేసి ఉంటే అది ఇదే. నా పద్ధతి ఒక్కో డొమైన్‌కి, దాని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుతో కలిపి, ఒక సర్టిఫికెట్.

అపోహ: సైట్లు ఎక్కువైతే సర్వర్ స్లో

ఎన్ని సైట్లు అన్నది కాదు, అవి ఏం చేస్తున్నాయి అన్నది లెక్క. వర్చువల్ హోస్ట్ బ్లాక్ అంటే మెమరీలో చాలా చిన్న ముక్క, ఒట్టి హెచ్‌టీఎమ్ఎల్ సైట్లు వంద పెట్టినా మెషీన్‌కి పెద్ద తేడా తెలీదు. తినేది పీహెచ్‌పీ, డేటాబేస్. ఒక సైట్‌కి ఒక్కసారిగా జనం వచ్చి ఉన్న పీహెచ్‌పీ వర్కర్లన్నీ పట్టుకుంటే మిగతా సైట్లు క్యూలో నిలబడతాయి, పైన చెప్పిన వేరు వేరు పూల్స్ ఇక్కడ కూడా పనికొస్తాయి, పీఎం.మ్యాక్స్_చిల్డ్రన్ ఒక్కో పూల్‌కి ఒక హద్దు పెడుతుంది. ఇంకోటి డిస్క్. ఒక సైట్ ఎర్రర్ లాగ్ రాత్రికి రాత్రి పెరిగి డిస్క్ నిండిపోతే డేటాబేస్ రాయలేక నిలిచిపోతుంది, అప్పుడు అన్ని సైట్లూ ఒకేసారి పడిపోతాయి. లాగ్ ఫైళ్లు సైట్‌వారీగా విడిగా పెట్టండి, లాగ్‌రొటేట్ పెట్టండి.

ఐపీ షేర్ చేసుకుంటే గూగుల్ ర్యాంక్ పోతుందా? ఐపీ షేర్ చేసుకున్నంత మాత్రాన పోదు. ఈమెయిల్ విషయం మాత్రం వేరు. అదే సర్వర్ నుంచి మెయిల్ కూడా పంపుతుంటే, ఒక సైట్ హ్యాక్ అయి స్పామ్ పంపితే ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది, ఆ ఐపీ నుంచి వెళ్లే అన్ని డొమైన్ల మెయిల్స్‌కీ దెబ్బే. రివర్స్ డీఎన్ఎస్‌లో (ఐపీ నుంచి పేరు వెతికేది) మాత్రం ప్రతి డొమైన్ పేరూ ఉండాల్సిన పని లేదు, మెయిల్ సర్వర్ పేరు ఒకటి ఉండి అది మళ్లీ అదే ఐపీకి తిరిగొస్తే చాలు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే ఏర్పాట్లు) మాత్రం ఒక్కో డొమైన్‌కి విడివిడిగా పెట్టుకోవాలి.

అపోహ: డీఎన్ఎస్ మారిస్తే గానీ కొత్త సర్వర్‌లో సైట్ పనిచేస్తుందో లేదో తెలీదు

ముందే తెలుసుకోవచ్చు, తెలుసుకుని తీరాలి. మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైల్‌లో కొత్త ఐపీ, పక్కన డొమైన్ పేరు రాస్తే మీ ఒక్కరికే సైట్ కొత్త సర్వర్ నుంచి వస్తుంది, లోకానికి పాతదే కనిపిస్తుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్లు కర్ల్‌కి రిజాల్వ్ ఆప్షన్ ఇచ్చి చూడొచ్చు, ఎస్ఎన్ఐ కూడా సరైన పేరుతోనే వెళ్తుంది కాబట్టి ఏ సర్టిఫికెట్ వస్తోందో కూడా తేలిపోతుంది. ఐపీ నేరుగా బ్రౌజర్‌లో కొట్టి "సైట్ రావట్లేదు" అనుకోకండి, అలా కొడితే హోస్ట్ హెడర్‌లో వెళ్లేది ఐపీయే, అది డిఫాల్ట్ బ్లాక్‌కే పోతుంది. అపాచీ వాళ్లు అపాచీసీటీఎల్ మైనస్ పెద్ద ఎస్ కొడితే ఏ పేరు ఏ ఫైల్‌లో ఏ లైన్‌లో ఉందో, డిఫాల్ట్ ఏదో లిస్ట్ వచ్చేస్తుంది, ఎంజిన్‌ఎక్స్ వాళ్లకి మైనస్ పెద్ద టీ మొత్తం కాన్ఫిగ్ ఒకేచోట చూపిస్తుంది. హోస్ట్స్ ఫైల్‌లో రాసిన ఆ లైన్ పని అయ్యాక తీసేయడం మర్చిపోకండి, లేకపోతే మళ్లీ ఎప్పుడో సర్వర్ మార్చినప్పుడు అందరికీ వచ్చే సైట్ మీకు మాత్రం రాదు.