పాట ఆయనది, గొంతు ఇంకొకరిది

క్రిస్ క్రిస్టాఫర్సన్ అనగానే కొందరికి ‘బ్లేడ్’ సినిమాలో హీరోకి గురువుగా కనిపించిన నెరిసిన గడ్డం ముసలాయన గుర్తొస్తారు. ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ పాటేమో గాయని జానిస్ జాప్లిన్ పేరు మీదే లోకానికి తెలుసు. అది రాసినవాళ్లలో ముఖ్యుడు ఈయనే. 2024 సెప్టెంబరు 28న, 88 ఏళ్ల వయసులో హవాయిలో కన్నుమూశారు.

1936లో టెక్సస్‌లో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో మేజర్ జనరల్. రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఇంగ్లీషు సాహిత్యం చదివారు. సైన్యంలో హెలికాప్టర్ పైలట్ అయ్యారు, కెప్టెన్ హోదా దాకా వెళ్లారు. 1965లో వెస్ట్ పాయింట్ మిలటరీ అకాడమీలో సాహిత్యం చెప్పే ఉద్యోగం చేతికొచ్చింది. దాన్ని వదులుకుని పాటలు రాస్తానని, ‘కంట్రీ’ అనే అమెరికా పల్లె సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరం చేరారు. ఇంట్లోవాళ్లు వెలివేసినంత పని చేశారు.

నాష్‌విల్‌లో ఒకరు రాయడం, మరొకరు పాడటం మామూలే. పాట పట్టుకుని పబ్లిషర్ల చుట్టూ, గాయకుల చుట్టూ తిరగాలి. ఆ మనుషులకు దగ్గరగా ఉండొచ్చని ఆయన కొలంబియా రికార్డింగ్ స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరారు. 1966లో గాయకుడు బాబ్ డిలాన్ అక్కడ రికార్డింగ్ చేస్తుంటే ఈయన యాష్‌ట్రేలు ఖాళీ చేస్తున్నారు. తర్వాత మెక్సికో సింధుశాఖలో చమురు బావులకు హెలికాప్టర్ నడుపుతూ, ఖాళీ దొరికితే పాటలు రాసుకున్నారు. తన పాటలు ఇద్దామని పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఇంటి ముందు హెలికాప్టర్ దించారని చెప్పుకునే కథ కూడా నిజమే. దిగేటప్పుడు క్రిస్టాఫర్సన్ చేతిలో బీరు ఉందని క్యాష్ చెప్పేవారు. బీరూ లేదు, ఆ సమయానికి క్యాష్ ఇంట్లోనూ లేరని ఈయన సరిదిద్దేవారు.

ఆ పాటల్లో కొత్తదనం ఏమిటంటే, తప్పు చేసిన మనిషిని ఆయన బోనులో నిలబెట్టలేదు. ఆదివారం పొద్దున్నే తాగింది దిగక, ఎవరూ లేక వీధిలో నడిచే ఒంటరివాడి మీద ఒక పాట రాశారు. క్యాష్ టీవీలో దాన్ని పాడబోతుంటే, మత్తును సూచించే ఒక్క మాట మార్చమని ఛానల్ వాళ్లు అడిగారు. క్యాష్ మార్చలేదు. 1970లో దానికి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు వచ్చింది. ఈ రాత్రికి తోడుండమని సిగ్గుపడకుండా అడిగే ఆయన మరో పాటను శామీ స్మిత్ పాడారు. ఒక ఆడమనిషి అలా పాడటం ఆ రోజుల్లో పెద్ద సాహసం. ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ పాడిన జానిస్ 1970 అక్టోబరులో చనిపోయారు. తన పాటను ఆమె గొంతులో ఆయన మొదటిసారి విన్నది ఆ తర్వాతే. 1971లో అది అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఆయనది బొంగురు గొంతు. సినిమా మాత్రం ఆ ముఖాన్ని వెంటనే ఇష్టపడింది. 1976లో వచ్చిన ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’లో నటనకు ఆయనకు గోల్డెన్ గ్లోబ్ అవార్డు దక్కింది. 1980లో ఆయన హీరోగా వచ్చిన ‘హెవెన్స్ గేట్’కు దాదాపు 4 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చయితే, అమెరికా థియేటర్లలో 40 లక్షలైనా రాలేదు. ఆ దెబ్బకు ఆయనకూ హీరో వేషాలు తగ్గాయి. ఆయన నటనలో లోపం వల్ల మునిగిన సినిమా కాదది.

1992 అక్టోబరులో న్యూయార్క్‌లో డిలాన్ గౌరవార్థం కచేరీ జరిగింది. అప్పటికి రెండు వారాల ముందే ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ టీవీలో పోప్ ఫొటో చింపారు. ఆమె వేదికెక్కగానే జనం అరిచి గోల చేశారు. ఆమెను దించేయమని క్రిస్టాఫర్సన్‌ను పంపితే, ఆయన వెళ్లి చెవిలో ధైర్యం చెప్పారు. ఆమె పాడి వచ్చాక గుండెకు హత్తుకున్నారు. 2009లో ఆమె మీద ఒక పాట రాశారు. దాన్ని ఆ బొంగురు గొంతుతో తనే పాడారు.