పేజీ మీద బంతిరేకులు ఎలా రాలతాయి?

పిల్లలూ,

డిసెంబరులో ఎక్కడో ఒక వెబ్ పేజీ మీద మంచు కురవడం చూసిందట చిట్టి. సంక్రాంతికి మీ బడి పేజీ మీద బంతిరేకులు రాలాలని దాని కోరిక. "తాతయ్యా, అది వీడియోనా? అన్ని రేకులు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అని అడిగింది.

వీడియో కాదమ్మా. ఎక్కణ్ణుంచీ రావు. ఉన్నవి పదిహేనే, అవే మళ్ళీ మళ్ళీ రాలతాయి.

దేవుడి ఊరేగింపు వస్తుంటే మేడ మీంచి పిల్లలు పూలు చల్లుతారు చూడండి. పదిహేను మంది, తలా ఒక్క పువ్వు. అది కింద పడగానే వెనక మెట్ల మీదుగా దిగి, అదే పువ్వు ఏరుకుని, పైకి పరిగెత్తి మళ్ళీ వదులుతారు. వీధిలో వాళ్ళకి మెట్లు కనబడవు కదా, పూలవాన ఆగలేదనుకుంటారు. బ్రౌజర్ చేసేదీ ఇదే. దానికి మెట్లెక్కడానికి క్షణం కూడా పట్టదు, అంతే తేడా.

మేడ అంటే ఒక డివ్, అంటే పేజీలో ఒక పెట్టె. దాని తీరు సీఎస్ఎస్ అనే భాషలో రాస్తాం: పొజిషన్ ఫిక్స్‌డ్, నాలుగు పక్కలా సున్నా (తెరంతా పరుచుకోడానికి), ఓవర్‌ఫ్లో హిడెన్ (బయటికి పోయింది కనబడకుండా). దాని లోపల పదిహేను స్పాన్లు, అంటే తలా ఒక రేకు బొమ్మ ఉన్న చిన్న పెట్టెలు: పొజిషన్ యాబ్సల్యూట్, టాప్ సున్నా. లెఫ్ట్ (ఎడమ అంచునుంచి దూరం) మాత్రం తలా ఒకటి: 4 శాతం, 13, 17, 26... సమానంగా పంచారో, దడి కట్టినట్టుంటుంది. కదలిక ఎక్కణ్ణుంచి ఎక్కడికో చెప్పేవి కీఫ్రేమ్స్. కీఫ్రేమ్స్‌లో ట్రాన్స్‌లేట్-వై (నిలువుగా జరపడం) మైనస్ 10 వీహెచ్ నుంచి 110 వీహెచ్ దాకా. వీహెచ్ అంటే తెర ఎత్తులో నూరోవంతు. సున్నా నుంచి మొదలెడితే రేకు పై అంచున ఉన్నట్టుండి ఊడిపడుతుంది. వ్యవధి ఒక్కోదానికి 9 నుంచి 14 సెకన్ల మధ్య, లీనియర్ (ఒకే వేగం), ఇన్ఫినిట్ (ఆగకుండా).

ఇంతవరకూ చేసి చూస్తే రేకులన్నీ ఒకేసారి బయల్దేరతాయి, పిల్లలంతా ఒక్కసారే చేతులు వదిలేసినట్టు. అందుకని యానిమేషన్-డిలే (ఎంతసేపాగి కదలాలో) ఇస్తాం. అక్కడ 3 సెకన్లు, 7 సెకన్లు అని రాస్తే తమ వంతు వచ్చేదాకా రేకులు పిట్టగోడ మీద పేర్చినట్టు పై అంచునే కూచుంటాయి. మైనస్ 3, మైనస్ 7 అని రాయండి. ఆ పువ్వు మూడు సెకన్ల కిందటే బయల్దేరిందని అర్థం. పేజీ తెరిచేసరికే దారిలో ఉంటుంది.

రేకు ఊగాలి కూడా. పడడానికీ ఊగడానికీ రెండు యానిమేషన్లు ఒకే స్పాన్‌కి ఇస్తే, రెండూ బొమ్మని జరిపే ట్రాన్స్‌ఫార్మ్‌నే పట్టుకు లాగుతాయి. చివర రాసినదే నెగ్గుతుంది. లోపల ఇంకో స్పాన్ పెట్టి, దానికి డిస్‌ప్లే ఇన్‌లైన్-బ్లాక్ అని రాసి (లేకపోతే అది కదలదు), బయటిది పడేలా, లోపలిది అటూ ఇటూ 20 పిక్సెళ్ళు ఊగేలా చేయండి: 3 సెకన్లు, ఈజ్-ఇన్-అవుట్ (మెల్లగా మొదలై మెల్లగా ఆగేది), ఆల్టర్నేట్ (వెళ్ళి వెనక్కి రావడం), ఇన్ఫినిట్. ట్రాన్స్‌ఫార్మ్ బదులు టాప్ విలువ మార్చినా రేకు పడుతుంది గానీ, పువ్వు కదిలినప్పుడల్లా బ్రౌజర్ కొలతలు మళ్ళీ వేసుకోవాలి, అదీ సెకనుకి అరవై సార్లు. పాత ఫోన్లు తడబడతాయి.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, బటన్లు నొక్కుడుపడటం లేదని. డివ్ కనబడని అద్దంలా పేజీ అంతా కప్పేస్తుంది మరి. పాయింటర్-ఈవెంట్స్ నన్ అని రాస్తే వేలు అద్దంలోంచి దూరిపోతుంది.

కదిలే బొమ్మలు చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళు ఫోన్ సెట్టింగుల్లోనే కదలికలు తగ్గించమని చెప్పుకుంటారు. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా క్వెరీతో (సెట్టింగు ఏమిటో అడిగే సీఎస్ఎస్ ప్రశ్నతో) అది కనుక్కుని రేకుల్ని పూర్తిగా దాచేయండి. మిగతావాళ్ళ కోసం మూలన 'ఆపు' బటన్ ఒకటి. దానంతటదే మొదలై ఐదు సెకన్లు దాటి కదిలేదాన్ని ఆపే వీలుండాలని వెబ్ అందుబాటు నియమాలూ చెబుతాయి. ముచ్చట మనది, కళ్ళు వాళ్ళవి.

తేదీ చూసి జనవరి 13 నుంచి 16 వరకే రాలేలా పెట్టండి. తేదీ చూసే జావాస్క్రిప్ట్ భాష నెలల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, రోజుల్ని మాత్రం ఒకటి నుంచే! నెల 1 అని రాశారో, పూలు ఫిబ్రవరిలో రాలతాయి.

ఇదంతా టైపు చేసేముందు మేడెక్కి నాలుగు బంతిరేకులు ఒక్కొక్కటే వదలండి. ఏది తిరుగుతూ పడింది, ఏది పక్కకి జారింది, నేల చేరడానికి ఎన్ని సెకన్లు పట్టింది, కాగితం మీద రాసుకోండి. నేను చెప్పిన అంకెలు కొట్టేసి అవి వేసుకోండి.

మీ తాతయ్య